కాఫీ చెయిన్ల బిజినెస్: అపోహలు - వాస్తవాలు (గింజ రేటు కన్నా ముందు లీజు చూడండి)

కేఫ్ చెయిన్లు, ఫుడ్ చెయిన్ల రిస్క్ లెక్కలు చూడటం నా పని. బయటివాళ్ళే కాదు, ఈ రంగంలో ఉన్నవాళ్ళు కూడా కొన్ని మాటలు ఎంత ధీమాగా చెప్తారంటే కొన్నాళ్ళకి అవే నిజాలై కూర్చుంటాయి. ఉదాహరణలు ఎక్కువగా స్టార్‌బక్స్‌వే ఇస్తున్నా. వాళ్ళ మీద ప్రేమా లేదు కోపమూ లేదు, 1992 నుంచి స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీ కాబట్టి లెక్కలన్నీ బయటే దొరుకుతాయి, అంతే.

అపోహ: గింజల రేటు పెరిగితే చెయిన్ మునుగుతుంది

2025 ఫిబ్రవరిలో అరబికా రకం కాఫీ గింజ ఫ్యూచర్స్ (రాబోయే నెలల డెలివరీకి ఇప్పుడే కుదుర్చుకునే రేటు) పౌండుకి 4 డాలర్లు దాటినప్పుడు అందరూ అడిగింది ఇదే, ఇక వీళ్ళ పని అయిపోయినట్టేనా అని. ఒక చిన్న లెక్క వేద్దాం. పౌండు పచ్చి గింజ అంటే 453 గ్రాములు, వేయించాక తేమ పోయి 380 గ్రాముల దగ్గర మిగులుతుంది, ఒక కప్పుకి పడే డికాషన్, అంటే డబుల్ షాట్‌కి 18 గ్రాములు వేసుకుంటే 20 షాట్ల పైమాటే. అంటే 4 డాలర్ల రేటులో కూడా కప్పులో పడే గింజ ఖర్చు 20 సెంట్లు. రేటు 2 డాలర్ల నుంచి డబుల్ అయినా కప్పుకి పెరిగేది 10 సెంట్లు. అమెరికాలో లాట్టే ధర 5 డాలర్ల చుట్టూ ఉంటుంది, ఇప్పుడు మీరే చెప్పండి మునిగేది ఎంతో.

పైగా పెద్ద చెయిన్లు ఏరోజుకారోజు మార్కెట్ రేటుకి కొనవు. కొంత ఫిక్స్‌డ్ రేటుకి, కొంత రేటు తర్వాత ఖాయం చేసుకునే కాంట్రాక్టుల మీద ముందే మాట్లాడి పెట్టుకుంటాయి. దీనివల్ల దెబ్బ తప్పిపోదు, కొన్ని నెలలు ఆలస్యంగా తగులుతుంది, ఆలోపు మెనూ రేట్లు సర్దుకునే టైం దొరుకుతుంది, ఇలా ముందే మాట్లాడుకోవడాన్నే హెడ్జింగ్ అంటారు, అంటే టైం కొనుక్కోవడమే. నిజంగా వణకాల్సింది సూపర్‌మార్కెట్లో ప్యాకెట్ కాఫీ అమ్మేవాళ్ళు, వాళ్ళ ఖర్చులో గింజదే పెద్ద వాటా.

అలాగని గింజ వైపు రిస్కే లేదనట్లేదు. ప్రపంచ కాఫీలో మూడో వంతు దాకా బ్రెజిల్ ఒక్కటే పండిస్తుంది, 2021 జులైలో అక్కడ మంచు పడి తోటలు మాడితే ప్రపంచమంతా రేట్లు ఎగిరాయి. 2025 ఆగస్టులో అమెరికా బ్రెజిల్ సరుకు మీద 50 శాతం సుంకం వేసి నవంబర్లో కాఫీకి మాత్రం తీసేసింది, మధ్యలో కొనుగోలు టీములకి నిద్ర లేదు. కానీ అది కొనుగోలు టీం తలనొప్పి, కంపెనీని ముంచే రకం కాదు.

ముంచేది అద్దె, జీతాలు. ఊహించిన అంకెలే అనుకోండి, ఒక షాపు అమ్మకం 100, అందులో గింజ, పాలు, కప్పులు కలిపి 30, అద్దె జీతాలు వగైరా 58, మిగిలేది 12. జనం తగ్గి అమ్మకం 95కి పడిందనుకుందాం. పాలు గింజల మీద ఒకటిన్నర మిగులుతుంది, అద్దె మాత్రం పైసా తగ్గదు, షాపు తెరవాలంటే కనీసం ఇంతమంది బారిస్టాలు (కాఫీ చేసేవాళ్ళు) ఉండాల్సిందే కాబట్టి జీతాలూ పెద్దగా తగ్గవు. 12 కాస్తా ఎనిమిదిన్నర. అమ్మకం పడింది 5 శాతం, లాభం పడింది దాదాపు 30 శాతం!! ఈ ఒక్క లెక్క అర్థమైతే కాఫీ చెయిన్ల వార్తలు సగం మీకే అర్థమవుతాయి.

2019కి ముందు ఈ అద్దె ఒప్పందాల్లో (లీజుల్లో) ఎక్కువ భాగం యాన్యువల్ రిపోర్టు నోట్స్‌లో ఎక్కడో దాక్కునేవి, కొత్త అకౌంటింగ్ రూల్స్ వచ్చాక బ్యాలెన్స్ షీట్ మీదకి ఎక్కాయి. స్టార్‌బక్స్‌కి ఆ లీజు బాకీ 9 బిలియన్ డాలర్లు దాటి ఉంది. గింజ రేటు చార్టు చూసేవాళ్ళు వంద మంది ఉంటే ఈ లైను చూసేవాళ్ళు ఇద్దరు.

అపోహ: షాపులు పెరుగుతున్నాయంటే కంపెనీ బాగున్నట్టే

2008 జులైలో స్టార్‌బక్స్ అమెరికాలో 600 షాపులు మూసేస్తామని చెప్పింది. అందులో 70 శాతం దాకా 2006 నుంచి తెరిచినవే. అంటే పాతబడి నడవక మూసినవి కాదు, ఊపులో తెరిచేసినవి. వీధికో షాపు పెడితే కొత్త కస్టమర్లు వస్తారనుకుంటారు, వచ్చేవాళ్ళలో చాలామంది పక్క వీధిలోని మన సొంత షాపు కస్టమర్లే, అద్దె మాత్రం రెండు చోట్లా కట్టాలి.

ఆస్ట్రేలియాలో ఇంకా దారుణం. 2000లో వెళ్ళి 84 షాపుల దాకా పెంచుకుని, 2008లో 61 మూసుకున్నారు. అక్కడ ఇటాలియన్, గ్రీకు వలసల వల్ల ఎస్ప్రెస్సో కల్చర్ ఎప్పుడో పాతుకుపోయింది, జనానికి తమ బారిస్టా పేరు కూడా తెలుసు, అలాంటిచోట తియ్యటి సిరప్ డ్రింకులతో ఎక్కువ రేటు పెట్టి దిగారు. అదే కంపెనీ ఇటలీకి మాత్రం 2018 దాకా ఆగి, మిలాన్‌లో ఒక్క పెద్ద షోపీస్ లాంటి షాపుతో మొదలుపెట్టింది. నాకైతే ఇదే సరైన పద్ధతి అనిపిస్తుంది.

షాపుల సంఖ్య పక్కన పెట్టి సేమ్ స్టోర్ సేల్స్ (ఏడాదికి పైగా నడుస్తున్న షాపుల అమ్మకాలు, పోయినేడుతో పోలిస్తే) చూడండి, అందులోనూ ట్రాన్సాక్షన్లు వేరు, సగటు బిల్లు వేరు అని విడదీసి చూడండి. 2024 జనవరి-మార్చి క్వార్టర్లో స్టార్‌బక్స్ సేమ్ స్టోర్ సేల్స్ 4 శాతం పడ్డాయి, లోపల చూస్తే బిల్లు 2 శాతం పెరిగింది, ట్రాన్సాక్షన్లు 6 శాతం పడ్డాయి. రేటు పెంచి కొన్నాళ్ళు జనం తగ్గడాన్ని కప్పిపుచ్చొచ్చు, ఎల్లకాలం కుదరదు.

అపోహ: విదేశాల్లో అక్కడి కంపెనీకి లైసెన్స్ ఇచ్చేస్తే రిస్క్ వాళ్ళదే

అద్దె, జీతాలు వాళ్ళవి, నిజమే. బోర్డు మీద పేరు మాత్రం మనదే కదా. 2023 చివర్లో గాజా యుద్ధం మొదలయ్యాక బాయ్‌కాట్ పిలుపులు వచ్చినప్పుడు మిడిల్ ఈస్ట్‌లో స్టార్‌బక్స్ షాపులు నడిపే కువైట్ కంపెనీ అల్‌షాయా గ్రూప్‌కి 2024 మార్చిలో 2 వేల మందికి పైగా ఉద్యోగులని తీసేయాల్సి వచ్చింది. దెబ్బ ముందు లైసెన్సీకి తగిలింది, తర్వాత రాయల్టీ (లైసెన్సీ కట్టే వాటా) తగ్గే రూపంలో అసలు కంపెనీకీ వచ్చింది. 2022లో స్టార్‌బక్స్ రష్యా నుంచి బయటకి వస్తే అక్కడి 130 షాపులు కొనుక్కున్నవాళ్ళు స్టార్స్ కాఫీ అని పేరు మార్చి, దాదాపు అలాంటి లోగోతోనే మళ్ళీ తెరిచారు. మెషిన్లు అవే, ట్రైనింగ్ అయిన స్టాఫ్ అదే. లైసెన్స్ ఇచ్చేటప్పుడు ఎలా ఇవ్వాలో పది సిట్టింగులు వేస్తారు, బయటికి ఎలా రావాలో ఆఖరి అరగంటలో మాట్లాడతారు.

అపోహ: రుచి బాగుంటే పోటీ గురించి భయం లేదు

చైనా చూడండి. స్టార్‌బక్స్ 1999లో వెళ్ళింది, అక్కడి కాఫీ చెయిన్ లకిన్ 2017లో పుట్టింది, 2020లో 2.2 బిలియన్ యువాన్ల దొంగ అమ్మకాలు బయటపడి అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజ్ నాస్‌డాక్ నుంచి గెంటించుకుంది. అందరూ కథ కంచికి అనుకున్నారు. అదే కంపెనీ 2023లో చైనాలో అమ్మకాల లెక్కలో స్టార్‌బక్స్‌ని దాటేసింది. రుచితో కాదు. చిన్న గది, కూర్చోడానికి చోటు ఉండదు, ఆర్డర్ యాప్‌లోనే, రేటు తక్కువ. మళ్ళీ అద్దె, జీతాల దగ్గరికే వచ్చాం చూశారా, కప్పుకి పడే ఆ రెండు ఖర్చులు కోసేసి ఆ డబ్బుతో రేటు తగ్గించారు. సోఫాలేసి పెద్ద అద్దెలు కట్టేవాడు ఆ రేటుకి దిగితే చేతికి ఏమీ మిగలదు. చివరికి 2025 నవంబర్లో స్టార్‌బక్స్ తన చైనా బిజినెస్‌లో 60 శాతం దాకా వాటా పెట్టుబడి సంస్థ బోయు క్యాపిటల్‌కి ఇచ్చే డీల్ ప్రకటించింది.

అపోహ: యాప్‌లో జనం వేసే బ్యాలెన్స్ ఉచిత డబ్బు

వడ్డీ లేని అప్పు అనండి, ఒప్పుకుంటా. స్టార్‌బక్స్ దగ్గర ఇలా ఒకటిన్నర బిలియన్ డాలర్ల పైనే ఉంటుంది, లెక్కల్లో అది బాకీ కిందే రాస్తారు. కాకపోతే అసలు సమస్య డబ్బు వైపు కాదు, కౌంటర్ వెనక. యాప్ ఆర్డర్లు ఒకేసారి వచ్చి పడితే, అందులో ప్రతిదానికీ నాలుగు మార్పులుంటే, షాపులో నిలబడ్డ మనిషి పది నిమిషాలు చూసి వెళ్ళిపోతాడు. ఆ పోయిన అమ్మకం ఏ రిపోర్టులోనూ కనపడదు.

అపోహ: యాన్యువల్ రిపోర్టులో రిస్క్ ఫ్యాక్టర్స్ అంటే లాయర్ల ఊకదంపుడు

చాలావరకు అంతే. ప్రతి కంపెనీ వాతావరణం, కరెన్సీ, సైబర్ దాడి అని ఒకే పాట పాడుతుంది. కానీ పోయినేడు కాపీ, ఈ ఏడు కాపీ పక్కపక్కన పెట్టుకుని కొత్తగా చేరిన వాక్యాలు, "జరగవచ్చు" నుంచి "జరిగింది"కి మారిన వాక్యాలు మాత్రం గుర్తు పెట్టుకోండి. గంట పని. కంపెనీ లోపల ఈ ఏడు దేని గురించి గొడవ పడ్డారో అక్కడే తెలుస్తుంది.