కంట్రోల్ బియ్యం వెనక ఉన్న యుద్ధం

తెలంగాణ పల్లెల్లో రేషన్ బియ్యాన్ని ఇప్పటికీ చాలామంది ‘కంట్రోల్ బియ్యం’ అంటారు. ఆ మాట ఎక్కడిదని వెతుక్కుంటూ వెళ్తే రెండో ప్రపంచ యుద్ధం దగ్గర తేలతాం.

1939 సెప్టెంబర్ 3న భారతదేశం కూడా యుద్ధంలో ఉందని వైస్రాయ్ లిన్‌లిత్‌గో ప్రకటించాడు. ఇక్కడి నాయకులను ఒక్క మాట అడగలేదు. నిరసనగా మద్రాసులో రాజాజీ మంత్రివర్గంతో సహా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. అప్పటికి రెండు లక్షల దాకా ఉన్న సైన్యం యుద్ధం ముగిసేనాటికి 25 లక్షలకు చేరింది. అంతమందికి తిండి, బట్ట, బూట్లు, గుడారాలు చాలావరకు ఈ దేశమే సమకూర్చింది.

మరి డబ్బు? సరిహద్దుల బయట జరిగే యుద్ధానికి అయ్యే ఖర్చు బ్రిటన్ భరించాలని ఒప్పందం. కానీ ఆ బాకీ వెంటనే తీర్చలేదు. లండన్‌లో మన ఖాతాలో పౌండ్లుగా రాసి పెట్టారు. ఆ పద్దును చూపించి ఇక్కడ రిజర్వ్ బ్యాంక్ రూపాయి నోట్లు అచ్చువేసింది. చలామణీలో ఉన్న నోట్లు ఐదారు రెట్లు అయ్యాయి. సరుకు మాత్రం అలా పెరగలేదు, ఉన్నదాంట్లో కూడా పెద్ద వాటా సైన్యానికి పోయింది. ధరలు రెట్టింపు దాటాయి. అంటే, పన్ను పేరు ఎత్తకుండానే యుద్ధ ఖర్చును పేదవాడి కంచంలోంచి లాగారు. 1943 బెంగాల్ కరవు గురించి చదువుకున్నంతగా ఈ నోట్ల సంగతి మనం చదువుకోలేదు. అది నాకు పెద్ద లోటుగా కనిపిస్తుంది. రాగి మిగల్చడానికి 1943లో పైసా బిళ్లకు నడుమ చిల్లు పెట్టారు. పాత ఇళ్ల పెట్టెల్లో ఆ చిల్లు కాణీలు ఇంకా దొరుకుతాయి.

1942 మార్చిలో బర్మా (ఇప్పటి మయన్మార్) రాజధాని రంగూన్ జపాన్ వశమైంది. తెలుగువాళ్లకు రంగూన్ పరాయి ఊరు కాదు. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు అక్కడి రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసేవారు. ఎందరో కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. దారిలోనే పోయినవాళ్లూ ఎందరో. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది.

జపాన్ సైన్యం దిగితే దానికి ఉపయోగపడకూడదని బెంగాల్ తీరంలో ప్రభుత్వమే వేల పడవలను లాక్కుంది, మిగులు ధాన్యాన్ని తరలించింది. కలకత్తాలో యుద్ధానికి అవసరమైన ఫ్యాక్టరీల కార్మికులకు చౌక బియ్యం అందింది. ఊళ్లలో కూలీలకు, జాలర్లకు ఏమీ మిగల్లేదు. 1943 కరవులో దాదాపు 30 లక్షల మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. ఎవరు యుద్ధానికి పనికొస్తారో వాళ్లకే ముందు అన్నం అన్న లెక్క ఇంతమందిని చంపింది.

ఆ ఏడాదే ఆహార ధాన్యాల విధానంపై ప్రభుత్వం వేసిన గ్రెగరీ కమిటీ, లక్ష జనాభా దాటిన నగరాల్లో రేషన్ పెట్టాలని సిఫార్సు చేసింది. కలకత్తాకు అది 1944లో గానీ రాలేదు. బియ్యం, బట్ట, కిరోసిన్, పంచదార అన్నిటి మీదా ధరను, అమ్మకాన్ని ప్రభుత్వమే అదుపు చేసే కంట్రోల్ ఉత్తర్వులు వచ్చాయి, వెంటే బ్లాక్ మార్కెట్టూ వచ్చింది. నైజాం రాజ్యంలో రైతుల నుంచి లెవీ ధాన్యం, అంటే ప్రభుత్వానికి తప్పనిసరిగా ఇవ్వాల్సిన వాటా, వసూలు చేశారు. పెద్ద భూస్వాములు తప్పించుకుంటే చిన్న రైతు గాదె ఖాళీ అయింది. తర్వాత తెలంగాణ సాయుధ పోరాటానికి దారితీసిన కోపంలో ఈ లెవీ కూడా ఉంది.

యుద్ధం అయిపోయినా కంట్రోళ్లు పోలేదు. గాంధీ ఒత్తిడితో 1947 చివర సడలించారు, ధరలు ఎగబాకగానే 1948లో మళ్లీ పెట్టారు. మద్రాసు రాష్ట్రంలో 1952లో రాజాజీ ధాన్యం మీద కంట్రోల్ ఎత్తేశారు. అప్పటికి ఆంధ్ర జిల్లాలూ అందులోనే ఉన్నాయి. యుద్ధకాలపు నిబంధనలకు 1946లో గడువు తీరితే ‘తాత్కాలిక అధికారాల’ పేరుతో మరో చట్టం వచ్చింది. 1955లో అది నిత్యావసర సరుకుల చట్టంగా స్థిరపడింది. కందిపప్పు ధర పెరిగినప్పుడు వ్యాపారి ఇంతకు మించి నిల్వ పెట్టకూడదని ఇచ్చే ఉత్తర్వులకు ఇప్పటికీ ఆధారం ఆ చట్టమే.