కుట్టకుండా వదిలేసిన కోత

మూడు నాలుగు వారాల బిడ్డ. పాలు తాగిన కాసేపటికే అవి పిచికారీ కొట్టినట్టు దూరంగా వెళ్లి పడతాయి. వాంతిలో పసరు ఉండదు, ఉత్త పాలే. కక్కిన మరుక్షణం ఆకలితో మళ్లీ గుక్కపట్టి ఏడుస్తాడు. కడుపు నుంచి పేగులోకి వెళ్లే దారి దగ్గర కండరం మందమై దారి ఇరుకైపోవడమే పైలోరిక్ స్టెనోసిస్. మగపిల్లల్లో ఇది దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ.

ఈ జబ్బు గురించి 1717లో పాట్రిక్ బ్లెయిర్, 1788లో హెజెకయా బియర్డ్‌స్లీ రాసినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1887లో డెన్మార్క్ వైద్యుడు హిర్ష్‌స్ప్రంగ్ ఇద్దరు శిశువుల కేసులు వివరంగా చెప్పాకే దీన్ని విడి జబ్బుగా గుర్తించారు. ఆ ఇద్దరూ బతకలేదు. తర్వాత మొదలైన ఆపరేషన్లు కూడా చాలామంది పసికందులను కాపాడలేకపోయాయి. కడుపును, పేగును తెరిచి కలిపి కుట్టడాన్ని అంత చిన్న ఒళ్లు తట్టుకోలేదు.

1907లో ఫ్రాన్స్‌లో పియర్ ఫ్రెడే లోపలి పొర తెగకుండా కండరాన్ని మాత్రమే నిలువుగా చీల్చి, అడ్డంగా కుట్టాడు. 1911లో జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో కాన్రాడ్ రామ్‌స్టెట్ కూడా అలాగే కుట్టబోయాడు. కండరం గట్టిగా ఉండటంతో దారం దాన్ని కోసుకుంటూ బయటికి వచ్చేసింది. కోత మీద కడుపులోని కొవ్వు పొరను కప్పి ముగించాడు. బిడ్డకు కొన్నాళ్లు వాంతులు అయ్యాయి, తర్వాత తగ్గిపోయాయి. కుట్టు అవసరమే లేదని ఆయనకు అర్థమైంది. 1912లో మరో బిడ్డకు కండరాన్ని చీల్చి అలాగే వదిలేశాడు. నూరేళ్లు దాటినా ఇప్పటికీ చేసేది అదే ఆపరేషన్. ఇంత చిన్న మార్పు ఇంతమంది పిల్లల్ని బతికించిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఒకప్పుడు డాక్టర్లు పొట్ట తడిమి ఆలివ్ కాయంత గడ్డ కోసం వెతికేవారు. 1977 నుంచి ఈ జబ్బును గుర్తించడానికి అల్ట్రాసౌండ్ వాడటం మొదలైంది; కండరం మందం సుమారు 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానం బలపడుతుంది. కారణం మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు. పుట్టిన తొలి రెండు వారాల్లో ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడితే ముప్పు పెరుగుతుందని తెలుసు.

వాంతులతో ఆమ్లం, క్లోరైడ్ పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. అది సరిచేయకుండా మత్తు ఇస్తే తర్వాత బిడ్డకు ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఆపరేషన్ ఎప్పుడెప్పుడా అని అమ్మానాన్నలు టెన్షన్ పడుతుంటే, డాక్టర్లు ముందు సెలైన్ ఎక్కించి, రక్తపరీక్షలు కుదుటపడేదాకా ఆగేది అందుకే.