డేటా చట్టంలో టర్నోవర్ లెక్క ఎప్పుడు పోయింది?

డేటా చట్టం మీద వ్యాపారుల్లో మళ్లీ టెన్షన్ మొదలైంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ నిబంధనలను కేంద్రం 2025 నవంబరులో నోటిఫై చేసి, అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చింది. అంటే 2027 మే. ఆ గడువు చాలదని వ్యాపార వర్గాలు అంటుంటే, ఇప్పటికే చాలా ఆలస్యమైందని గోప్యత హక్కు కోసం పనిచేస్తున్నవారు అంటున్నారు. ఈ వాదనల్లో గడువు గురించి వినిపించినంతగా చట్టం చివర ఉన్న జరిమానాల పట్టిక గురించి వినిపించడం లేదు. నిజానికి చిన్న వ్యాపారికి నిద్ర పట్టనివ్వనిది అదే. అందులో మొదటి అంకె 250 కోట్ల రూపాయలు. అది అక్కడికి ఎలా చేరిందో చూస్తే ఈ గొడవ సగం అర్థమైనట్టే.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తేల్చడం, జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ముసాయిదా ఇవ్వడం అందరికీ తెలిసిన సంగతులే. మలుపు వచ్చింది 2022 ఆగస్టు 3న. ఆ రోజు ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ 2019 నాటి బిల్లును లోక్‌సభలో వెనక్కి తీసుకున్నారు. 99 సెక్షన్ల బిల్లుకు సంయుక్త పార్లమెంటరీ కమిటీ 81 సవరణలు సూచించిందని, అందుకే కొత్త బిల్లు తెస్తామని కారణం చెప్పారు. పత్రికల్లో చర్చ ఎక్కువగా డేటాను దేశంలోనే నిల్వ చేయాలన్న షరతు చుట్టూ తిరిగింది. ఆ బిల్లుతో పాటు పోయిన మరో లెక్క మీద పెద్దగా ఎవరి దృష్టీ పడలేదు.

అది టర్నోవర్ లెక్క. డేటాకు తగిన భద్రత కల్పించకపోతే 15 కోట్లు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా వేయవచ్చని 2019 బిల్లు చెప్పింది. లీక్ జరిగినప్పుడు వెంటనే స్పందించకపోతే 5 కోట్లు లేదా 2 శాతం. నాలుగు నెలలు తిరగకుండానే, 2022 నవంబరులో వచ్చిన కొత్త ముసాయిదాలో శాతాలు లేవు. 500 కోట్ల వరకు అన్న అంకె వచ్చింది. 2023 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టంలో జరిమానా భద్రతా లోపానికి 250 కోట్ల వరకు, లీక్ సంగతి తెలియజేయకపోతే 200 కోట్ల వరకు అని స్థిరపడింది.

లెక్క వేసి చూడండి. 250 కోట్లు అంటే 6,250 కోట్ల టర్నోవర్‌లో 4 శాతం. భద్రతా లోపం విషయంలో అంతకన్నా పెద్ద కంపెనీలన్నింటికీ కొత్త చట్టంలో గరిష్ఠ జరిమానా తగ్గింది. అంతకన్నా చిన్నవాటన్నింటికీ పెరిగింది. ఏటా లక్ష కోట్ల వ్యాపారం చేసే సంస్థకు పాత బిల్లు ప్రకారం 4,000 కోట్ల దాకా పడే అవకాశం ఉండేది, ఇప్పుడు 250 కోట్లు దాటదు. ఏటా రెండు కోట్ల వ్యాపారం చేసే డయాగ్నస్టిక్ సెంటర్‌కు అప్పుడు 15 కోట్లు పరిమితి, ఇప్పుడు 250 కోట్లు. వ్యాపారానికి వెసులుబాటు కోసమే చట్టాన్ని సరళం చేశామని ప్రభుత్వం చెప్పింది. ఆ వెసులుబాటు ఎవరి ఇంటికి చేరిందో ఈ లెక్కే చెబుతోంది.

పైగా అదే ఏడాది, అదే పార్లమెంటు మరో చట్టంలో సరిగ్గా దీనికి ఎదురు దారిలో నడిచింది. 2023 ఏప్రిల్‌లో పోటీ చట్టాన్ని (కాంపిటీషన్ యాక్ట్) సవరించి, జరిమానాకు కంపెనీ ప్రపంచవ్యాప్త టర్నోవర్‌నే ఆధారం చేసింది. ఆ సవరణ బరువు ఎంతో కంపెనీలకు బాగా తెలుసు కాబట్టే యాపిల్ 2025లో దాన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. ఐరోపాలో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాకు ఐర్లండ్ డేటా నియంత్రణ సంస్థ 2023 మేలో 120 కోట్ల యూరోల జరిమానా వేసింది. మన డబ్బులో పదివేల కోట్ల పైమాటే. మన చట్టంలో భద్రతా లోపానికి వేయగలిగిన అత్యధిక జరిమానాకు అది నలభై రెట్లకు పైనే.

ప్రభుత్వం చెప్పే సమాధానం ఒకటి ఉంది, అదీ చెప్పాలి. 250 కోట్లు గరిష్ఠ పరిమితి మాత్రమే. తప్పు తీవ్రత, నష్టాన్ని తగ్గించడానికి చేసిన ప్రయత్నం, జరిమానా ఆ వ్యాపారం మీద చూపే ప్రభావం చూసుకునే డేటా పరిరక్షణ బోర్డు మొత్తాన్ని నిర్ణయించాలని 33వ సెక్షన్ చెబుతోంది. మాట నిజమే. కానీ ఇది బోర్డు విచక్షణ మీద పెట్టుకునే నమ్మకం. చట్టమే గీసిన గీతకు అది సాటి రాదు.

అమీర్‌పేటలో ఒక హాస్టల్‌ను తీసుకోండి. కొత్తగా చేరే కుర్రాడి ఆధార్‌ను రెండు వైపులా ఫోన్‌తో ఫొటో తీస్తారు. అది వాట్సాప్‌లో మేనేజర్‌కు వెళ్తుంది. కుర్రాడు కోర్సు పూర్తి చేసుకుని, ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయినా ఆ ఫొటో ఫోన్ గ్యాలరీలోనే ఉంటుంది. అలా వందల ఫొటోలు. ఆ ఫోన్ ఏ ఆటోలోనో పోయి, ఎవరి చేతిలోనైనా తెరుచుకుందంటే కొత్త చట్టం ప్రకారం అది డేటా ఉల్లంఘన. ఆలస్యం లేకుండా బోర్డుకు చెప్పాలి, 72 గంటల్లో వివరాలు పంపాలి, ఆ ఫొటోల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ సమాచారం ఇవ్వాలి. నంబర్లు మార్చుకున్న పాత కుర్రాళ్లను ఎక్కడని వెతుకుతారు? కోట్లాది ఖాతాలున్న పెద్ద సంస్థకు ఈ పని చేయడానికి ఓ విభాగమే ఉంటుంది. హాస్టల్ యజమానికి ఉన్నది ఆయన, మేనేజర్, మహా అయితే జీఎస్టీ రిటర్నులు వేసే అకౌంటెంట్.

అలాగని చట్టమే వద్దనడం తప్పు. ఆధార్ ఫొటో తప్పుడు చేతుల్లో పడితే నష్టపోయేది ఆ కుర్రాడే. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల దురాగతం బయటపడినప్పుడు మనం కళ్లారా చూశాం. ఫోన్‌లోని కాంటాక్టులన్నీ లాక్కుని, అప్పు తీసుకున్నవారి బంధువులకు, స్నేహితులకు ఫోన్లు చేసి పరువు తీశారు. వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారూ ఉన్నారు. కాంటాక్టులు, కాల్ వివరాలు యాప్‌లు ముట్టుకోకూడదని రిజర్వ్ బ్యాంకు ఆదేశించేసరికి 2022 సెప్టెంబరు వచ్చింది. అప్పటికి దేశానికి ప్రత్యేకంగా డేటా చట్టమంటూ లేదు.

అలాంటి బాధితుడికి కొత్త చట్టం ఏమిస్తోంది? 2008లో ఐటీ చట్టానికి చేర్చిన 43ఏ సెక్షన్ ప్రకారం, సున్నితమైన డేటాను ఓ సంస్థ నిర్లక్ష్యంగా ఉంచడం వల్ల నష్టపోయినవారు పరిహారం కోరవచ్చు. 5 కోట్ల వరకు దావాలను రాష్ట్ర ఐటీ కార్యదర్శే అడ్జుడికేటింగ్ అధికారిగా వింటారు. ఆ దారి ఇరుకైనదే, వాడుకున్నవాళ్లూ తక్కువే. అయినా ఉండేది. 2019 బిల్లులోనూ పరిహారం ఉంది. 2023 చట్టంలో లేదు. బోర్డు వేసే ప్రతి జరిమానా భారత సంచిత నిధికి, అంటే ప్రభుత్వ ఖజానాకే జమవుతుంది. 43ఏ కూడా 2027 మేలో రద్దవుతుంది. అంటే 2022 మలుపులో చిన్న వ్యాపారితో పాటు అతని కస్టమరూ నష్టపోయాడు.

సమాచార హక్కు చట్టానికి ఇదే చట్టం చేసిన సవరణకు మాత్రం 18 నెలలు ఆగే అవసరం రాలేదు. వ్యక్తిగత సమాచారం పేరుతో అధికారుల వివరాలు ఇవ్వకుండా ఉండటానికి వీలిచ్చే ఆ మార్పు 2025 నవంబరులోనే అమల్లోకి వచ్చింది.

స్టార్టప్‌లకు మినహాయింపు ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉన్నారు. 17వ సెక్షన్ కింద కొన్ని సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉన్నమాట వాస్తవం. అయితే అది సమ్మతి కోరేటప్పుడు ఇచ్చే నోటీసు, డేటా తొలగింపు వంటి కొన్ని బాధ్యతలకే. భద్రత, లీక్ సమాచారం ఇవ్వడం ఆ జాబితాలో లేవు. పట్టికలో భద్రతకు 250 కోట్లు, లీక్ సమాచారానికి 200 కోట్లు ఉన్న వరుసలు సరిగ్గా అవే.

42వ సెక్షన్ మరో దారి చూపిస్తోంది. జరిమానాల పట్టికను కేంద్రం నోటిఫికేషన్‌తోనే సవరించవచ్చు, ఏ జరిమానానూ మొదట పెట్టినదానికి రెట్టింపు దాటించకూడదన్నదే షరతు. అంటే 250 కోట్లను 500 కోట్లు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. టర్నోవర్ తక్కువున్న వ్యాపారాలకు అదే పట్టికలో వేరే వరుస చేర్చడానికీ ఆ సెక్షన్‌నే వాడవచ్చు. గడువు పెంచమని ఢిల్లీకి వినతిపత్రాలు మోస్తున్న వ్యాపార సంఘాలు ముందుగా అడగాల్సింది ఆ వరుస. గడువును 2027 మే నుంచి ఇంకో ఏడాది పొడిగించినా పట్టికలో అంకెలు అవే ఉంటాయి.