మైక్రోస్కోపులో వైరస్ కనపడదండీ! ఆక్వా రైతులకు కొన్ని అపోహలు, వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో సీడ్ (రొయ్య పిల్లలు) వదిలారంటే చాలు, నాకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. "కొత్తగా డిజిటల్ మైక్రోస్కోప్ తెప్పించామండీ, 2000 ఎక్స్, అంటే 2000 రెట్లు పెద్దగా చూపిస్తుందన్నారు, రొయ్యల్ని చంపే వైట్ స్పాట్ వైరస్ చూడాలంటే ఏం సెట్టింగ్ పెట్టాలి?" అని. రొయ్యల ల్యాబ్ నడుపుతూ, ఖాళీ దొరికినప్పుడు రైతులకీ చిన్న ల్యాబులకీ మైక్రోస్కోపులు బిగించిపెట్టే మనిషిని కాబట్టి ఈ ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది. ఒకసారి రాసిపెడితే ఇకమీదట అడిగినవాళ్లకి ఇదే పంపొచ్చు.

అపోహ: ఎక్స్ ఎంత పెరిగితే అంత చిన్నవి కనిపిస్తాయి, 2000 ఎక్స్ అయితే వైరస్ కూడా దొరుకుతుంది.

వాస్తవం: దొరకదు. పెట్టె మీద 20,000 అని రాసినా దొరకదు. మీ ఆబ్జెక్టివ్ లెన్సు (స్లైడుకి దగ్గరగా ఉండేది) మీద రెండు అంకెలు ఉంటాయి చూడండి, 40/0.65 అనో 100/1.25 అనో. అందరూ మొదటిది చదివి వదిలేస్తారు, అసలు పని చేసేది రెండోది, ఎన్‌ఏ (న్యూమరికల్ అపెర్చర్, లెన్సు ఎంత వెడల్పు కోణంలో వెలుగు పట్టగలదో చెప్పే అంకె). పక్కపక్కనే ఉన్న రెండు చుక్కల్ని రెండుగా చూపించాలంటే వాటి మధ్య దూరం కనీసం ఎంత ఉండాలో తేల్చేది అదీ, వెలుగు తరంగదైర్ఘ్యమూ. జర్మనీ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ అబ్బె ఈ లెక్క 1873లోనే చెప్పేశాడు: తరంగదైర్ఘ్యాన్ని ఎన్‌ఏకి రెట్టింపుతో భాగించండి. ఆకుపచ్చ వెలుగు 0.55 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) అనుకుంటే 40 లెన్సుకి సుమారు 0.42 మైక్రాన్, ఆయిల్ వేసి చూసే 100 లెన్సుకి సుమారు 0.22 మైక్రాన్. అంతకంటే దగ్గరగా ఉన్నవి కలిసిపోయి ఒకే మసక మచ్చలా కనిపిస్తాయి, ఆ మచ్చని ఎంత పెద్దది చేసినా మచ్చే. పనికొచ్చే మాగ్నిఫికేషన్ అంటే ఎన్‌ఏకి వెయ్యి రెట్లు, అంటే 1.25 లెన్సుకి 1250 దగ్గర ఆగిపోతుంది. వైట్ స్పాట్ వైరస్ కణం పొడవు సుమారు 0.3 మైక్రాన్, వెడల్పు 0.1 మైక్రాన్ అటూ ఇటూ. పొడవు ఆ 0.22 కంటే కాస్త ఎక్కువైనా వెడల్పు అందులో సగమే, కాబట్టి ఇది వైరస్ అని పోల్చుకునేలా చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి, అది చెరువు గట్టు మీద షెడ్డులో పెట్టుకునేది కాదు.

మరి ఆ 2000 ఎక్కడిది? టీవీది. కెమెరా సెన్సర్ మూల నుంచి మూలకి 7 మిల్లీమీటర్లు అనుకోండి, 24 అంగుళాల మానిటర్ మూల నుంచి మూలకి 610. అంటే కెమెరా మీద పడ్డ బొమ్మ తెర మీదికి వచ్చేసరికే 87 రెట్లయింది. 40 ఆబ్జెక్టివ్, మధ్యలో బొమ్మని సగం చేసే 0.5 అడాప్టర్ కలిపితే 1740 ఎక్స్. అదే వైరుని హాల్లో 43 అంగుళాల టీవీకి పెట్టండి, 3100 దాటుతుంది. లెన్సు అదే, స్లైడు అదే, కొత్తగా ఒక్క గీత కూడా కనపడదు. మెగాపిక్సెళ్ల గోల కూడా ఇంతే. 40/0.65 లెన్సు ఇచ్చే వివరాన్ని పట్టడానికి 5 మెగాపిక్సెళ్ల కెమెరా కావలసినదానికంటే ఎక్కువే, 18 అని చెప్పి దండుకునేదంతా దండగ.

నవ్వుకుని వదిలేద్దామంటే కుదరదు, దీనివల్ల డబ్బు పోతోంది. కిందటి పంటలో ఉండి అనే ఊరి వైపు ఒక కౌలు రైతు, నేను బాబాయ్ అని పిలిచే ఆయన, తెర ఉన్న మైక్రోస్కోప్ ఆన్‌లైన్‌లో తెప్పించారు. చెక్ ట్రేలో మేత మిగిలిపోతోంది, గట్టు పక్కన ఒకటీ అరా రొయ్య నీరసంగా తేలుతోంది. అప్పు తెచ్చి వేసిన పంట, ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది. రాత్రంతా మొప్పల ముక్కలు స్లైడు మీద పెట్టి వెతికారట. ఏమీ కనపడకపోయేసరికి వైరస్ లేదని ధైర్యం తెచ్చుకుని నీళ్లు మార్చారు. తర్వాత నా దగ్గరికి శాంపిల్ తెస్తే పీసీఆర్‌లో (రోగం తెచ్చేదాని జన్యుపదార్థాన్ని పట్టే ల్యాబ్ పరీక్ష) పాజిటివ్. అప్పటికే ఆ నీళ్లు పక్క చెరువులవాళ్లు తోడుకునే కాలవలో కలిసిపోయాయి. "పెట్టె మీద రాశాడు కదా బాబూ" అన్నారాయన. ఆయన్ని ఏమనగలను?

కాబట్టి వైట్ స్పాట్ అనుమానముంటే పీసీఆర్. ఈహెచ్‌పీ (రొయ్య జీర్ణగ్రంథిలో పెరిగే సూక్ష్మ పరాన్నజీవి) అనుమానమున్నా పీసీఆరే. ఈహెచ్‌పీ స్పోరు 1 మైక్రాన్ అటూ ఇటూ ఉంటుంది, 100 లెన్సులో చుక్కగా కనిపించవచ్చు గానీ పక్కనున్న సవాలక్ష చుక్కల్లోంచి ఇది ఈహెచ్‌పీ అని పచ్చి స్లైడులో చూసి చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

అలాగని మైక్రోస్కోప్ దండగ అనట్లేదు, నేను రోజూ దాని మీదే బతుకుతున్నా. హెచ్‌పీ (హెపటోపాంక్రియాస్, రొయ్య జీర్ణగ్రంథి) లోంచి ఆవగింజంత ముక్క తీసి స్లైడు మీద పెట్టి, సెలైన్ చుక్క వేసి, కవర్‌స్లిప్ వేసి వేలితో మెల్లగా అదమండి. 10లో గొట్టాలు గొట్టాలుగా కనిపిస్తాయి. 40కి మారిస్తే వాటి లోపల నిగనిగలాడే కొవ్వు బిందువులు. ఒంట్లో బాగున్న రొయ్యలో అవి కిక్కిరిసి ఉంటాయి. మేత తినక పాడైనదాంట్లో బిందువులు పలచబడి, గొట్టాలు అక్కడక్కడా నొక్కుకుపోయి ఉంటాయి. మొప్పల మీద జూథామ్నియం అనే ఏకకణ జీవి పట్టిందా, చెరువు నీళ్లలో ఏ ప్లాంక్టన్ పెరుగుతోంది, ఇవన్నీ సాదా ట్రైనాక్యులర్ (రెండు కళ్లకీ, కెమెరాకీ గొట్టాలున్న మైక్రోస్కోప్) మీద బ్రహ్మాండంగా తెలుస్తాయి. మన దేశంలోనే, అంబాలాలో తయారైనదైనా చాలు.

అపోహ: వైట్ ఫీకల్ (తెల్ల మలం జబ్బు) వచ్చిన రొయ్యలో తెర మీద కనపడేవి పురుగులు.

ఈ వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటాయి, కింద ఎవరో ఒకరు మందు పేరు రాస్తారు. పొడుగ్గా, పారదర్శకంగా, అచ్చం గ్రెగరైన్ (పేగులో బతికే పరాన్నజీవి) లాగే ఉంటాయి, నిజమే. కానీ చాలాసార్లు అవి జీవులే కావు. హెచ్‌పీ కణాల అంచున ఉండే సన్నని నూగు ఊడిపోయి, ముద్దకట్టి ఆ ఆకారంలోకి వస్తుందని 2014లో థాయ్‌లాండ్ శాస్త్రవేత్తలు చూపించారు. గ్రెగరైన్ అయితే లోపల న్యూక్లియస్ ఉంటుంది, ఒంటికి అడ్డంగా తెర ఉంటుంది. వీటిలో ఏ నిర్మాణమూ ఉండదు. మందు వేసేముందు 40లో ఫోకస్‌ని కొంచెం పైకీ కిందికీ తిప్పుతూ లోపలేముందో చూడండి. లేని పురుగుకి మందు పోసి, ఆ డబ్బుతో చేయించాల్సిన పీసీఆర్ మానేసినవాళ్లు నాకు తెలుసు.

అపోహ: వెలుగు ఎక్కువైతే కండెన్సర్ (స్లైడు పెట్టే స్టేజి కింద ఉండి వెలుగుని స్లైడు మీదికి చేర్చే లెన్సు) కిందికి దించాలి.

వాస్తవం: వెలుగు తగ్గించడానికి బల్బుకి నాబ్ ఉంది, అది తిప్పండి. కండెన్సర్ స్లైడుకి దగ్గరగా పైనే ఉండాలి. మరీ కిందికి దించేస్తే ప్రతి కొవ్వు బిందువు చుట్టూ నల్లటి వలయాలు వచ్చి, దుమ్ము కూడా బాక్టీరియాలా కనపడుతుంది, ఇక భయం మొదలు. ఎత్తు సరిచేయడం తేలిక. ముందు 10 లెన్సుతో స్లైడు ఫోకస్ చేసుకోండి. బల్బు అద్దం మీద పెన్ను మొన పెట్టి, స్టేజిని కదపకుండా కండెన్సర్‌ని మాత్రం పైకీ కిందికీ జరపండి, ఆ మొన స్పష్టంగా కనపడిన చోటే దాని ఎత్తు. బల్బు దగ్గర డయాఫ్రమ్ ఉన్న మోడలైతే పెన్ను అక్కర్లేదు, దాని అంచే ఫోకస్ చేసుకోండి. 1893లో జర్మనీ శాస్త్రవేత్త ఆగస్ట్ కోహ్లర్ చెప్పిన పద్ధతి ఇది, ఇప్పటికీ ఇంతకంటే మంచిది లేదు. తర్వాత ఒక ఐపీస్ తీసేసి గొట్టంలోకి చూస్తూ కండెన్సర్‌లోని ఐరిస్ (వెలుగు దారిని సన్నం చేసే రెక్కలు) మూయండి, వెలుగు వృత్తంలో ముప్పావు వంతు మిగిలితే ఆపేయండి. లెన్సు మార్చినప్పుడల్లా ఐరిస్ మళ్లీ చూసుకోవాలి. రంగు వేయని పచ్చి స్లైడుకి ఇంకాస్త మూయొచ్చు, అంతేగానీ పూర్తిగా కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. తెర నల్లగా ఉంటే కెమెరా కాలిపోలేదు, ట్రైనాక్యులర్ పక్కన ఉన్న పుల్లని లాగండి, వెలుగు కెమెరా వైపు మళ్లుతుంది. ఐపీస్‌లో స్పష్టంగా ఉండి తెర మీద మసగ్గా ఉంటే ఫోకస్ నాబ్ ముట్టుకోకండి, కెమెరా గొట్టం దగ్గరున్న రింగుని తిప్పండి. బొమ్మ పచ్చగానో ఎర్రగానో కనపడితే స్లైడు ఖాళీగా ఉన్న చోటికి జరిపి వైట్ బ్యాలెన్స్ ఒకసారి నొక్కి, ఆటో తీసేయండి. కవర్‌స్లిప్ లేకుండా 40 దింపొద్దు, ఆ లెన్సు మీద 0.17 అని రాసి ఉన్నది కవర్‌స్లిప్ మందమే. 40కి ఆయిల్ వేయకూడదు, 100కి కొబ్బరినూనె వేయకూడదు. ఉప్పునీళ్లు లెన్సుకి అంటితే చొక్కా కొసతో తుడవకండి (లుంగీ కొసతో కూడా!), డిస్టిల్డ్ వాటర్ అద్దిన లెన్స్ పేపర్‌తో ఉప్పు తీసి, తర్వాతే క్లీనర్. వానాకాలంలో చెమ్మగా ఉన్నప్పుడే కవరు కప్పేస్తే లోపల ఫంగస్ పడుతుంది, సిలికా జెల్ పెట్టి మూయండి.

సైజు కొలవాలంటే స్టేజ్ మైక్రోమీటర్ కొనండి. 1 మిల్లీమీటరుని 100 భాగాలు చేసిన గాజు ముక్క, ఒక్కో భాగం 10 మైక్రాన్లు. ఒక్కో లెన్సుకి విడివిడిగా కొలిచి సాఫ్ట్‌వేర్‌లో దాచుకోండి, కెమెరా రిజల్యూషన్ మారిస్తే మళ్లీ కొలవాలి. నాకు ఫొటో పంపేటప్పుడు ఎన్ని ఎక్స్ అని రాయకండి, ఏ ఆబ్జెక్టివ్‌తో చూశారో రాసి, బొమ్మ మీద స్కేలు గీత పెట్టి, సాఫ్ట్‌వేర్‌లోంచే సేవ్ చేసి పంపండి. టీవీ తెరను ఫోన్‌తో ఫొటో తీసి పంపొద్దు. దాని మీద పడే అడ్డ చారలు చూపించి ఇదేం జబ్బండీ అని మొన్నొకాయన అడిగారు.