క్రిస్ కథలోకి క్రాకౌర్ ఎందుకొచ్చాడు?

అమెరికన్ రచయిత జాన్ క్రాకౌర్ 1996లో రాసిన 'ఇన్‌టు ద వైల్డ్' చదువుతూ పోతే, పద్నాలుగో అధ్యాయం దగ్గర కథ ఉన్నట్టుండి పక్కకి మళ్లుతుంది. పుస్తకం ఎవరి గురించో ఆ క్రిస్ మెక్‌కాండ్లెస్ కనబడడు. రచయితే వచ్చి, 23 ఏళ్ల వయసులో తాను అలాస్కాలో ఒంటరిగా కొండ ఎక్కిన సంగతి మొదలుపెడతాడు. అదీ ఒక పేరాతో సరిపెట్టడు. ఉన్నవి పద్దెనిమిది అధ్యాయాలైతే రెండు తనకే తీసుకున్నాడు. చచ్చిపోయిన కుర్రాడి కథలో ఈయన సొంత గొడవేంటని మొదటిసారి చదివినప్పుడు నేనూ విసుక్కున్నాను.

క్రిస్ సంగతి 2007లో వచ్చిన సినిమా వల్ల చాలామందికి తెలుసు. వర్జీనియాలో కలిగినవాళ్ల పిల్లాడు. 1990లో అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీలో డిగ్రీ అవ్వగానే దగ్గరున్న 24,000 డాలర్లు ఆక్స్‌ఫామ్ అనే సేవాసంస్థకి ఇచ్చేసి, ఇంట్లో చెప్పాపెట్టకుండా కారులో వెళ్లిపోయాడు. రెండేళ్లు పేరు మార్చుకుని తిరిగాడు. 1992 ఏప్రిల్ 28న అలాస్కాలో హీలీ ఊరి దగ్గర లిఫ్ట్ ఇచ్చినాయన ట్రక్కు దిగి, నాలుగున్నర కిలోల బియ్యం, ఒక చిన్న రైఫిల్, కొన్ని పుస్తకాలతో స్టాంపీడ్ ట్రెయిల్ అనే దారి పట్టుకుని అడవిలోకి నడిచాడు. అక్కడ పాడుబడ్డ 142 నంబరు బస్సులో కాపురం. జులైలో వెనక్కి వచ్చేద్దామంటే టెక్లనికా నది పొంగి దారి మూసుకుపోయింది. సెప్టెంబరు 6న వేటగాళ్లకి శవం దొరికింది. బరువు 30 కిలోలు. వయసు 24.

'అవుట్‌సైడ్' పత్రిక కోసం క్రాకౌర్ రాసిన వ్యాసం 1993 జనవరిలో వచ్చింది. ఆ పత్రిక చరిత్రలో దేనికీ రానన్ని ఉత్తరాలు దానికి వచ్చాయి. చాలా వాటిలో తిట్లే, ముఖ్యంగా అలాస్కావాళ్లవి. మ్యాప్ కూడా లేకుండా అడవికి వెళ్లిన తలపొగరు కుర్రాడని, ఇలాంటివాణ్ణి హీరోని చేస్తారా అని. వాళ్ల కోపంలో న్యాయం లేకపోలేదు. క్రిస్ ఆగిపోయిన చోటికి మైలు కూడా లేని దూరంలో నది దాటడానికి తీగ మీద నడిచే ఇనప బుట్ట అప్పట్లో ఉండేది. మంచి మ్యాప్ ఉంటే దాని సంగతి తెలిసేది.

క్రాకౌర్‌కి మాత్రం ఆ తిట్లు తనని కూడా తిట్టినట్టే తగిలి ఉంటాయి. పుస్తకం ముందుమాటలోనే తాను తటస్థంగా రాయలేకపోయానని ఒప్పుకున్నాడు. దాని వెనక పాత కథ ఉంది.

ఆయన పెరిగింది ఒరెగాన్ రాష్ట్రంలోని కొర్వాలిస్‌లో. తండ్రి డాక్టరు, పట్టుదల మనిషి. పిల్లలు హార్వర్డ్‌లో మెడిసిన్ చదవాలన్నది ఆయన లెక్క. మన ఇళ్లలో ర్యాంకుల గోల చూసినవాళ్లకి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు. తమాషా ఏమిటంటే, ఎనిమిదేళ్ల జాన్ చేతిలో మంచుగొడ్డలి పెట్టి సౌత్ సిస్టర్ శిఖరానికి తీసుకెళ్లింది కూడా ఆ తండ్రే. కొడుకు ఆ గొడ్డలే పట్టుకున్నాడు, స్టెతస్కోపు పట్టుకోలేదు. 1976లో హాంప్‌షైర్ కాలేజీ నుంచి బయటికొచ్చి కొలరాడోలో వడ్రంగి పనికి కుదిరాడు. గంటకి మూడున్నర డాలర్లు.

1977లో ఆ పని మానేసి, చేపల పడవలో అలాస్కాలోని పీటర్స్‌బర్గ్ చేరాడు. స్టికీన్ మంచుమైదానం దాటి డెవిల్స్ థంబ్ అనే కొండని ఉత్తరం వైపు నుంచి ఒంటరిగా ఎక్కుతానని. మంచు చీలికల్లో పడిపోకుండా రెండు పొడవాటి అల్యూమినియం కర్టెన్ రాడ్లని వీపు సంచికి అడ్డంగా కట్టుకున్నాడు! క్రిస్ బియ్యం సంచి చూసి నవ్వేవాళ్లు ఇది కూడా చూడాలి. తిండి జారవిడుస్తానన్న పైలట్ తుఫాను వల్ల ఆలస్యమయ్యాడు, ఈలోగా సరుకులు నిండుకుంటున్నాయి. ఉత్తర ముఖం లొంగలేదు. దానికి తోడు సొంత అజాగ్రత్త వల్ల టెంటుకి నిప్పంటుకుంది. ఆ టెంటు తండ్రిది, కొత్తది, ఖరీదైనది, ఆయన మనసొప్పక ఇచ్చినది. చివరికి వేరే దారిన శిఖరం ఎక్కాడు. తిరిగొచ్చి మళ్లీ అదే వడ్రంగి పనిలో చేరితే జీతం గంటకి నాలుగు డాలర్లయింది. ఆ కొండ మార్చేస్తుందనుకున్న జీవితంలో మారింది ఆ అర డాలరే.

తనకీ క్రిస్‌కీ తేడా చాలావరకు అదృష్టమేనన్నది ఆయన వాదన. చావాలని వెళ్లలేదు, చావంటే ఏమిటో ఆ వయసులో తెలియక వెళ్లాం అంటాడు. ఈ పోలిక ఆయన తర్వాత అల్లుకున్నది కాదు. డెవిల్స్ థంబ్ కథ 1990లోనే ఆయన వ్యాస సంపుటిలో అచ్చయింది. అప్పటికి క్రిస్ ఇంకా బతికే ఉన్నాడు.

అయితే అదొక్కటే కారణమని నాకనిపించదు. తన చెల్లెలికి తప్ప క్రిస్ ఇంట్లో ఎవరికీ మనసు విప్పలేదు. ఆ చెల్లెలు 2014లో సొంత పుస్తకం రాస్తూ, తమ ఇంట్లో తండ్రి హింస ఉండేదని చెప్పింది. తల్లిదండ్రులు అదంతా కల్పన అన్నారు. క్రాకౌర్‌కి ఆమె ఇదంతా ఎప్పుడో చెప్పింది, కానీ రాయొద్దని మాట తీసుకుంది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. అంటే, కొడుకు అంత కోపంగా ఎందుకు పోయాడో తెలిసీ రాయలేని చోట, ఆ ఖాళీలో తన తండ్రిని కూర్చోబెట్టాడన్నమాట. ఇది నా ఊహే. అయినా ఆ రెండు అధ్యాయాలు అక్కడే ఎందుకున్నాయో దీంతో నాకు అర్థమైంది. క్రాకౌర్‌కి తండ్రి మీద కోపం చల్లారింది చాలా ఏళ్ల తర్వాత, పాత పోలియో తిరగబెట్టి ఆయన చితికిపోయాక. తానూ అచ్చం ఆయనలాంటివాణ్ణే అని అప్పటికి తెలిసొచ్చింది. క్రిస్‌కి అన్ని ఏళ్లు దొరకలేదు.

క్రిస్ మీద క్రాకౌర్‌కున్న ఈ అభిమానం విత్తనాల దాకా వెళ్లింది. తన నీరసానికి అడవి బంగాళాదుంప విత్తనాలే కారణమని క్రిస్ జులై 30న డైరీలో రాసుకున్నాడు. మొక్కని పోల్చుకోలేక, అదే అనుకుని వేరేదాన్ని తిన్నాడని 1993లో క్రాకౌరే రాశాడు. పుస్తకంలో ఆ మాట వెనక్కి తీసుకుని, విత్తనంలోనే విషం ఉందన్నాడు. పరీక్షల్లో ఆ విషం కనబడలేదు. తర్వాత బూజు అన్నాడు. 2013లో, కాళ్లు పడిపోతాయని మన దేశంలో 1961లో అమ్మకం ఆపించిన కేసరి పప్పులోని విషమే వీటిలోనూ ఉందన్నాడు. అదీ నిలవలేదు. చివరికి ఆ విత్తనాల్లో కెనవనైన్ అనే విష పదార్థం దొరికింది. ఉత్తి ఆకలే చంపిందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. విషమని తేలితే కుర్రాడు తెలివితక్కువవాడు కాదని తేలుతుంది, బహుశా 1977 నాటి ఆ వడ్రంగి కుర్రాడు కూడా.

2015లో ఒక వైద్య పత్రికలో కెనవనైన్ మీద పరిశోధన పత్రం వచ్చింది. రాసినవాళ్లలో రసాయన శాస్త్రవేత్తలున్నారు. మొదటి పేరు మాత్రం క్రాకౌర్‌ది.