హెపారిన్‌లో ఆమ్ల సమూహాల లెక్క

రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ నిజానికి ఒక పొడవాటి చక్కెర గొలుసు. దాని పొడుగునా బలమైన ఆమ్ల స్వభావం గల సల్ఫేట్ సమూహాలు, బలహీనమైన కార్బాక్సిల్ సమూహాలు రెండూ ఉంటాయి. జంతు కణజాలంలో దానితోపాటే దొరికే కాండ్రాయిటిన్ సల్ఫేట్‌లో ఒక కార్బాక్సిల్‌కు దాదాపు ఒక సల్ఫేట్ ఉంటే, హెపారిన్‌లో సాధారణంగా 2కు పైగా ఉంటాయి. అందుకే హెపారిన్‌ను దాన్నుంచి వేరుగా గుర్తించడంలో ఈ సల్ఫేట్-కార్బాక్సిల్ నిష్పత్తికి అంత విలువ.

మందుగా దొరికేది సోడియం లవణం కనుక, క్షారంతో చర్య జరిపే ప్రోటాన్లు అందులో ఉండవు. ముందుగా ద్రావణాన్ని ఆమ్ల రూపంలోని అయాన్ మార్పిడి రెజిన్ గుండా పంపితే సోడియం అయాన్లు అక్కడే నిలిచిపోయి, వాటి స్థానంలో హైడ్రోజన్ అయాన్లు వస్తాయి. ఇలా వచ్చిన ఆమ్లాన్ని నిల్వ ఉంచకూడదు. నైట్రోజన్‌కు అంటిన సల్ఫేట్లు ఆమ్లంలో మెల్లగా ఊడిపోతాయి.

ఇక అంశమాపనం, అంటే క్షారాన్ని చుక్కచుక్కగా కలుపుతూ ఆమ్లాన్ని లెక్కగట్టడం. ఆమ్లమంతా అయిపోయిందని చూపే ఫినాఫ్తలీన్ సూచిక గులాబీ రంగు రెండు సమూహాల మొత్తాన్నే చెబుతుంది. పీహెచ్ (ఆమ్లత్వపు కొలత) మార్పును చూపే రేఖ కూడా అంతగా ఉపయోగపడదు, ఎందుకంటే ప్రోటాన్లు పోయినకొద్దీ గొలుసు మీద రుణావేశం పెరిగి, మిగిలిన ప్రోటాన్లను మరింత గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి మలుపులు మసకబారుతాయి. విద్యుద్వాహకతను కొలిస్తే మాత్రం చిత్రం స్పష్టంగా కనిపిస్తుంది. నీటిలో హైడ్రోజన్ అయాన్ వాహకత సోడియం అయాన్ వాహకతకు సుమారు 7 రెట్లు. సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు పడుతున్నంతసేపూ సల్ఫేట్ల తాలూకు హైడ్రోజన్ అయాన్లు పోయి సోడియం అయాన్లు చేరతాయి కనుక వాహకత బాగా పడిపోతుంది. తర్వాత కార్బాక్సిళ్ల వంతు వస్తుంది. వాటి ప్రోటాన్లు చాలావరకు గొలుసుకే అంటిపెట్టుకొని ఉంటాయి కాబట్టి, చేరే సోడియం వల్ల వాహకతను చూపే గీత కొద్దిగా పైకి వాలుతుంది. అవీ అయిపోయాక మిగులు హైడ్రాక్సైడ్‌తో గీత నిటారుగా లేస్తుంది. మూడు గీతలు, రెండు మలుపులు. ఉదాహరణకు మొదటి మలుపు 2.4 మిల్లీలీటర్ల దగ్గర, రెండోది 3.4 దగ్గర వస్తే, సల్ఫేట్లకు 2.4, కార్బాక్సిళ్లకు 1.0 ఖర్చయినట్లు, నిష్పత్తి 2.4.

ఇక్కడ అసలు శత్రువు గాలి. అందులోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి బలహీన ఆమ్లంగా మారి కార్బాక్సిళ్ల ఖాతాలో చేరుతుంది, నిష్పత్తి తగ్గినట్లు కనిపిస్తుంది. అందుకని నీటిని మరిగించి చల్లార్చి, ద్రావణంలోకి నైట్రోజన్‌ను పంపుతూ పనిచేస్తారు.

నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చేది ఒకటుంది: నిష్పత్తి కోసం హెపారిన్‌ను తూచాల్సిన పని లేదు, క్షారం గాఢత కచ్చితంగా తెలియనవసరమూ లేదు, రెండూ భాగహారంలో కొట్టివేయబడతాయి. గ్రాముకు ఎన్ని సమూహాలున్నాయో తెలియాలంటే మాత్రం, తేమను ఇట్టే పీల్చుకునే ఆ పొడిని బాగా ఆరబెట్టి తూచక తప్పదు.