ఓటు ఇంటికా, మనిషికా? ఏడా నీల్డ్ చ్యూ పోరాటం వెనక కథ

"మగవాళ్లకు ఏ షరతుల మీద ఓటు ఇస్తున్నారో, అవే షరతుల మీద ఆడవాళ్లకూ ఇవ్వాలి." నూట ఇరవై ఏళ్ల కిందట బ్రిటన్‌లో స్త్రీల ఓటు కోసం పోరాడిన సంఘాలు దాదాపు అన్నీ ఈ మాటే అడిగేవి. వింటే న్యాయంగానే ఉంటుంది. అయినా 1904లో ఒక సోషలిస్టు ఉపన్యాసకురాలు ఈ డిమాండ్ మీద పత్రికలో గట్టిగా విరుచుకుపడింది. స్త్రీలకు ఓటు ఉండాలని మనసారా కోరుకున్న మనిషే ఆమె. పేరు ఏడా నీల్డ్ చ్యూ.

ఆమెకు అంత కోపం ఎందుకొచ్చిందో తెలియాలంటే అప్పటి మగవాళ్ల ఓటు సంగతి ముందు తెలియాలి. 1884 చట్టం ప్రకారం ఇంటి యజమానికి గానీ, ఇల్లు అద్దెకు తీసుకుని తన పేర పన్ను లెక్కల్లో ఉన్నవాడికి గానీ, ఏడాదికి కనీసం 10 పౌండ్ల అద్దె విలువున్న గదిలో ఉండేవాడికి గానీ ఓటు ఉండేది. దొర ఇంట్లోనే ఉండే నౌకరుకు లేదు. తండ్రి ఇంట్లో ఉండే కొడుక్కి చాలావరకు లేదు. ఇలా లెక్కేస్తే వయసొచ్చిన మగవాళ్లలో ప్రతి పదిమందిలో నలుగురికి ఓటు లేదు. నిజానికి ఆ చట్టం ఓటు ఇచ్చింది ఇంటికి. ఆ షరతులనే ఆడవాళ్లకు వర్తింపజేస్తే ఏమవుతుంది? పెళ్లయిన ఆడమనిషి ఉండే ఇల్లు భర్త పేరునే ఉంటుంది కాబట్టి ఆమెకు రాదు. తల్లిదండ్రుల దగ్గరుండి మిల్లుకు వెళ్లే అమ్మాయికి రాదు. సొంత ఇల్లున్న వితంతువులకు, ఒంటరి స్త్రీలకు వస్తుంది. ఆస్తి బాగా ఉన్నవాడు తన భార్య పేర, కూతురి పేర కొంత రాసిస్తే వాళ్లకూ వస్తుంది.

ఈ లెక్క ఏడాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఉత్తర స్టాఫర్డ్‌షైర్‌లో 1870లో, పదముగ్గురు పిల్లలున్న ఇంట్లో పుట్టింది. ఆడపిల్లల్లో పెద్దది. తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకోవడానికి పదకొండేళ్లకే బడి మానేసింది. ఆ తర్వాత క్రూ పట్టణంలో ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి చేరింది. రైల్వే కార్మికులకు, పోలీసులకు, సైనికులకు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీ అది.

1894 మే నెలలో 'క్రూ క్రానికల్' అనే స్థానిక వారపత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. కింద సంతకం 'క్రూ ఫ్యాక్టరీ అమ్మాయి' అని మాత్రమే ఉంది. ఆ తర్వాత కొన్ని నెలలపాటు వరసగా మరికొన్ని ఉత్తరాలు వచ్చాయి. వాటి బలమంతా లెక్కల్లో ఉంది. పీసు లెక్కన కూలి. పూర్తిగా పని ఉన్న వారాల్లో కూడా సగటున చేతికొచ్చేది ఎనిమిది షిల్లింగులు (ఇరవై షిల్లింగులైతే ఒక పౌండు). అందులోంచే దారానికి డబ్బు కట్టాలి, టీకి కావలసిన వేడినీళ్లకు కూడా కట్టాలి. పగలంతా కుట్టి, మిగిలిన పని రాత్రికి ఇంటికి మోసుకెళ్లాలి. అదే ఫ్యాక్టరీలో మగవాళ్లకు కూలి ఎక్కువ. బతకడానికి సరిపోయే జీతం అనే మాట అప్పట్లో కార్మిక సభల్లో బాగా నలుగుతుండేది. మాకు ఇచ్చేది బతికే జీతం కాదు, మెల్లమెల్లగా చచ్చే జీతం అని ఏడా రాసింది. సోమవారం పొద్దుటి నుంచి శనివారం రాత్రి దాకా తినడం, పడుకోవడం, పని చేయడం తప్ప మరేమీ లేని మనిషి ఇక మనసును ఎప్పుడు పెంచుకుంటుంది అని అడిగింది. పీసు లెక్కన పని చేసే ఏ ఊరి మనిషి చదివినా అది తన మాటే అనుకుంటుంది.

రాసింది ఎవరో చివరకు బయటపడింది. ఆమె ఉద్యోగం వదలాల్సి వచ్చింది. అప్పటికి ఆమె వయసు ఇరవై నాలుగు.

అదే ఏడాది చివర్లో జరిగింది, ఆమె ఆ తర్వాతి ఆలోచనకు చాలా ముఖ్యమని నాకనిపిస్తుంది. 1894లో వచ్చిన స్థానిక పాలన చట్టం పేదల సంక్షేమ బోర్డుల్లో సభ్యులుగా నిలబడడానికి ఉన్న ఆస్తి షరతును తీసేసింది. పెళ్లయిన ఆడవాళ్లకు కూడా స్థానిక ఎన్నికల్లో దారి తెరిచింది. ఆ చట్టం కింద డిసెంబరులో జరిగిన మొదటి ఎన్నికల్లోనే ఏడా ఆ ప్రాంతపు నాంట్‌విచ్ బోర్డుకు ఎన్నికైంది. పత్రికలో సొంత పేరు పెట్టుకోలేకపోయిన ఫ్యాక్టరీ అమ్మాయి, కొద్ది నెలల్లోనే అనాథలకు, ముసలివాళ్లకు, పనిలేని పేదలకు ఏం అందాలో తేల్చే బోర్డులో కూర్చుంది. ఆస్తి అడ్డు తీసేస్తే ఎవరు లోపలికి రాగలరో ఆమె తన జీవితంలోనే చూసింది.

తర్వాత ఊరూరా తిరగడం మొదలైంది. 'క్లారియన్' అనే సోషలిస్టు పత్రికలో స్త్రీల పేజీ నడిపే జూలియా డాసన్ 1896లో గుర్రబ్బండి ప్రచారం మొదలుపెట్టింది. ఆ బండిలోనే పడుకోవడం, వండుకోవడం. సాయంత్రం అయ్యేసరికి ఊరి కూడలిలో బండి ఆపి, దాని మెట్ల మీద నిలబడి సోషలిజం గురించి మాట్లాడడం. ఆ తొలి ఏడాది ఉపన్యాసకుల్లో ఏడా ఒకతె. ఆడమనిషి నడివీధిలో గొంతెత్తి మాట్లాడడమే వింతగా చూసే కాలం అది. మైకులు లేవు, ముందే కుదిరిన సభలు లేవు. వచ్చిపోయే జనాన్ని మాటతోనే ఆపాలి.

1897లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ అనే సోషలిస్టు పార్టీ కార్యకర్త జార్జ్ చ్యూను పెళ్లి చేసుకుంది. మరుసటేడాది డోరిస్ పుట్టింది. ఒక్కతే కూతురు. 1900 నుంచి మహిళా ట్రేడ్ యూనియన్ లీగ్‌కు ఆర్గనైజర్‌గా పని చేస్తూ, బడి వయసు వచ్చేదాకా కూతుర్ని వెంటేసుకునే ప్రయాణాలు చేసింది.

ఇక 1904 వాదన. స్త్రీల ఓటు కోసం పోరాడే పాంక్‌హర్స్ట్ కుటుంబం అంతకు ముందు ఏడాదే మాంచెస్టర్‌లో కొత్త సంఘం పెట్టి, సమాన షరతుల బిల్లు కోసం గట్టిగా ప్రచారం చేస్తోంది. ఆ ఇంటి క్రిస్టబెల్ పాంక్‌హర్స్ట్‌తో 'క్లారియన్' పేజీల్లో ఏడా తలపడింది. ఏడా మాట సూటిగా ఉంది: ఈ బిల్లు వస్తే డబ్బున్న ఆడవాళ్ల వర్గమంతటికీ ఓటు వస్తుంది, పని చేసుకు బతికే ఆడవాళ్లకు పెళ్లయినా కాకపోయినా ఓటు ఉండదు. వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు అడగాలి.

అవతలివాళ్ల వాదనలో బలం లేదని చెప్పలేం. బిల్లును సమర్థించినవాళ్లలో ఆస్తిపరులే కాదు, మిల్లు పనివాళ్లు కూడా ఉన్నారు. లాంకషైర్ నూలు మిల్లుల ఆడవాళ్లు గేట్ల దగ్గర నిలబడి సేకరించిన 29,359 సంతకాలను 1901లో పార్లమెంటుకు తీసుకెళ్లారు. సంతకాలు సేకరించినవాళ్లలో సెలీనా కూపర్ అనే మిల్లు కార్మికురాలు ఉంది. స్థానిక ఎన్నికల్లో అప్పటికే ఓటున్న ఆడవాళ్ల జాబితాలు తిరగేసి, వాళ్లలో 82 శాతం పనివాళ్లేనని ఇండిపెండెంట్ లేబర్ పార్టీ లెక్క తేల్చింది. అందరికీ ఓటు అంటూ కూర్చుంటే మగవాళ్లందరికీ వచ్చి ఆడవాళ్లు మళ్లీ బయటే మిగులుతారన్న భయం కూడా ఉత్తుత్తిది కాదు. అయినా నా మనసు ఏడా వైపే మొగ్గుతుంది. ఆ 82 శాతం లెక్క జాబితాలో ఉన్నవాళ్లను లెక్కపెట్టింది. ఆమె అడిగింది జాబితాకే ఎక్కనివాళ్ల గురించి.

ఈ సమాన షరతుల సూత్రం మన దగ్గరికీ వచ్చింది. 1921 ఏప్రిల్‌లో మద్రాసు శాసన మండలి స్త్రీలకు ఓటు ఇస్తూ తీర్మానం చేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. బ్రిటిష్ పాలనలోని రాష్ట్రాల్లో అందరికంటే ముందు అడుగది, దాని గౌరవం దానికి ఉంది. కానీ మగవాళ్లకున్న ఆస్తి, పన్ను షరతులు అలాగే ఉన్నాయి. నాట్లు వేసే కూలి మనిషి ఆ జాబితాకు ఎక్కడానికి 1950 రాజ్యాంగం రావాల్సి వచ్చింది.

ఏడా తన మాట మీద మొండిగా నిలబడిపోలేదు. అందరికీ ఓటు అనే బిల్లు ఏళ్లు గడిచినా రాలేదు. లేబర్ నాయకుల్లో చాలామంది ఆ నినాదం చాటున స్త్రీల ఓటును పక్కకు నెడుతున్నారు. 1911లో ఆమె, శాంతియుతంగా పనిచేసే స్త్రీల ఓటు సంఘాల జాతీయ యూనియన్‌లో ఆర్గనైజర్‌గా చేరింది. దీన్ని ఓటమి అనడానికి నాకు నోరు రాదు. ఆ చేరిక తర్వాత, ఆడవాళ్లను కలపని ఏ ఓటు బిల్లునూ ఒప్పుకోమని 1912 జనవరిలో లేబర్ పార్టీ మహాసభ తీర్మానించింది. జాతీయ యూనియన్ కూడా లేబర్ అభ్యర్థుల కోసం ప్రత్యేక నిధి పెట్టింది. కార్మికులతో కార్మికుల భాషలో మాట్లాడే మనిషి అప్పుడు చాలా అవసరమైంది. ఉప ఎన్నికల్లో, యూనియన్ సభల్లో ఏడా ఆ పని చేసింది.

ఆ ఏళ్లలోనే పనివాళ్ల ఇళ్లలోని తల్లుల రోజువారీ బతుకు మీద కథనాలు రాసింది. ఇంట్లో ఉండే తల్లికి ప్రభుత్వం డబ్బివ్వాలన్న ప్రతిపాదనను ఒప్పుకోలేదు. పెళ్లయిన ఆడమనిషికి సొంత సంపాదన ఉండాలి, పిల్లలను చూసుకోవడానికి మంచి శిశు సంరక్షణ కేంద్రాలు ఉండాలి అంది. చంకన బిడ్డతో ఊళ్లు తిరిగిన మనిషి మాట అది.

1914లో యుద్ధం వచ్చింది. ఆమె దాన్ని వ్యతిరేకించింది. యుద్ధం తర్వాత రాజకీయాల నుంచి తప్పుకుని బట్టల వ్యాపారం పెంచుకుంది. 1945 డిసెంబరులో చనిపోయింది. ఆమె రచనలను డోరిస్ పోగుచేయగా అవి 1982లో పుస్తకంగా వచ్చాయి.

1918లో చట్టం మారినప్పుడు 21 ఏళ్లు నిండిన మగవాళ్లందరికీ ఓటు వచ్చింది. ఆడవాళ్లకు మాత్రం 30 ఏళ్లు నిండాలి, ఆ పైన తనకో భర్తకో ఇంటి అర్హత ఉండాలి. అప్పటికి ఏడాకు 48 ఏళ్లు. ఇరవై నాలుగేళ్ల వయసులో ఎనిమిది షిల్లింగుల లెక్క రాసిన ఆ ఫ్యాక్టరీ అమ్మాయిలాంటి వాళ్లకు మాత్రం ఆ చట్టం కింద కూడా ఓటు రాలేదు. వాళ్లు 1928 దాకా ఆగాల్సి వచ్చింది.